సైకిల్ దొంగకు మనమే దారి చెప్పకుండా: విశాఖ రైడర్లు ఏది ఎంచుకోవాలి, ఏది వదిలేయాలి

నలభై వేలో లక్షో పెట్టి కొన్న సైకిల్‌ని ఎత్తుకుపోవాలంటే దొంగకు కట్టర్ కంటే ముందు మూడు సంగతులు తెలియాలి. ఏ సైకిల్, ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు ఎవరూ చూడరు. ఇదివరకు ఇవి తెలుసుకోవాలంటే వీధులన్నీ తిరిగి రెక్కీ చేయాల్సి వచ్చేది. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో ఏ సెక్టార్‌లో ఏ సైకిల్ ఉందో ఫోన్ పట్టుకుని కూర్చున్నచోటే కనిపెట్టొచ్చు. చెప్పేది మనమే మరి. కొత్త సైకిల్ వచ్చిన రోజు అపార్ట్‌మెంట్ గేటు ముందు ఫోటో పెడతాం, ఇంకో రోజు పొద్దుటి రైడ్ మ్యాప్ పెడతాం, మరో రోజు "ఫ్యామిలీతో అరకు వెళ్తున్నాం అన్నా, ఆదివారం రైడ్‌కి రాలేను" అని మెసేజ్ పెడతాం. విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. కలిపి చదివేవాడికి మాత్రం సరుకు, అడ్రస్, టైము మూడూ దొరికేశాయి.

ఇంటి గుట్టు లంకకు చేటు అని ఊరికే అనలేదు. అందుకే "ఏ తాళం కొనమంటారు" అని ఎవరైనా అడిగితే, తాళం సంగతి తర్వాత, ముందు మీ క్లబ్ గ్రూపులో ఎవరెవరు ఉన్నారో చెప్పండి అంటాను. ఖర్చు లేని పని కూడా అదే.

గ్రూపు తలుపు ఎవరికి తీయాలి

సైక్లింగ్ గ్రూపులో మనుషుల్ని చేర్చుకోవడానికి మన దగ్గర మూడు పద్ధతులు నడుస్తున్నాయి. మొదటిది, ఇన్విటేషన్ లింకును ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టేసి నొక్కినవాళ్ళనల్లా రానివ్వడం. గ్రూపు త్వరగా పెరుగుతుంది. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు కాబట్టి చోటుకు కొదవ లేదు. కానీ ఆ లింకు ఎక్కడెక్కడ తిరుగుతోందో అడ్మిన్‌కి తెలియదు. ఆర్కే బీచ్‌లో రైడ్‌కి పాతికమంది వస్తే గ్రూపులో నాలుగు వందల మంది ఉంటారు. ఆ మిగతావాళ్ళు ఎవరో ఎవరికీ తెలియదు. నన్నడిగితే, ఊళ్ళో ఖరీదైన సైకిళ్ళు ఎవరెవరి దగ్గర ఉన్నాయో లిస్టు రాసి గోడకు అంటించడం కూడా దీనికంటే నయం. గోడ మీదైతే కనీసం ఫోటోలు, ఫోన్ నంబర్లు ఉండవు.

రెండోది, అడ్మిన్ ఒప్పుకుంటేనే లోపలికి రానిచ్చే సెట్టింగ్. కొంచెం మెరుగే, కాకపోతే అనుకున్నంత కాదు. అడ్మిన్‌కి కనిపించేది ఒక పేరు, ఒక నంబరు, ఒక ప్రొఫైల్ ఫోటో. ఆ ఫోటోలో సైకిల్ ఉంటే చాలు, మనవాడే అనుకుని ఓకే నొక్కేస్తాం. దేన్ని బట్టి ఒప్పుకోవాలో, దేన్ని బట్టి వద్దనాలో ముందే అనుకోకపోతే ఆ సెట్టింగ్ ఉన్నా లేనట్టే.

నేను గట్టిగా చెప్పేది మూడోదాని గురించి. గ్రూపులు రెండు పెట్టండి. బయటి గ్రూపులో రైడ్ ఎప్పుడు, ఎక్కడ మొదలు, ఎంత దూరం అన్నవి మాత్రమే ఉండాలి, అవీ అడ్మిన్లు మాత్రమే పెట్టాలి. ఎవరైనా చేరొచ్చు. లోపలి గ్రూపులోకి మాత్రం రైడ్‌లో రెండు మూడుసార్లు కలిసి తొక్కినవాళ్ళు, పాత సభ్యుల్లో ఒకరు "నాకు తెలుసు" అని చెప్పినవాళ్ళు రావాలి. ఫోటోలు, సైకిళ్ళ అమ్మకాలు, "ఊళ్ళో ఉండను" కబుర్లు అన్నీ అక్కడే. కొత్తవాళ్ళు మొదట కాస్త నొచ్చుకుంటారు, వీళ్ళకి వీళ్ళే ఒక ముఠా అని వెనకాల అనుకుంటారు కూడా. కానీ వాళ్ళకి పోయేదేం లేదు. భీమిలి రైడ్ వివరాలు అందరికీ ఒకేసారి తెలుస్తాయి. పొద్దున్నే లేచి తెన్నేటి పార్కు దాకా వచ్చి మనతో తొక్కినవాడు నెల తిరక్కుండా లోపలుంటాడు. దొంగతనం చేద్దామనుకునేవాడు అంత కష్టపడి హెల్మెట్ పెట్టుకుని కైలాసగిరి ఎక్కుతాడా అంటే, ఎక్కనే ఎక్కడని చెప్పలేం గానీ, ఎక్కితే పాతికమంది ముఖం చూసి ఉంటారు.

వాట్సాప్‌లో 'కమ్యూనిటీ' అని పెట్టి అనౌన్స్‌మెంట్ గ్రూపును బయటి తలుపుగా వాడుకుంటే ఇంకో లాభం ఉంది. అందులో మామూలు సభ్యుల ఫోన్ నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. మామూలు గ్రూపులో అయితే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. టెలిగ్రామ్ వాడదామని కొందరంటారు. నంబరు దాచుకోవచ్చు, లక్షల మందిని చేర్చుకోవచ్చు, నిజమే. కానీ మన అవసరం దానికి రివర్స్. మనిషి ఎవరో తెలియాలి మనకి. యూజర్ నేమ్ వెనకాల ఎవరైనా ఉండొచ్చు. పైగా పబ్లిక్ గ్రూపులో పాత మెసేజ్‌లన్నీ నిన్న చేరినవాడు కూడా తీరుబడిగా పైనుంచి కిందకి చదువుకోగలడు. రెండు మూడొందల మంది ఉన్న ఊరి క్లబ్‌కి వాట్సాపే మేలు అంటాను.

ఇప్పటికే లింకు ఊరంతా తిరిగేసి ఉంటే దాన్ని రీసెట్ చేయండి. పాత లింకు అక్కడితో పనిచేయడం మానేస్తుంది. ఆ తర్వాత సభ్యుల జాబితా తెరిచి, ఎవరికీ తెలియని నంబర్లను బయటి గ్రూపుకు పంపండి. మొహమాటం పడొద్దు.

స్ట్రావా మ్యాపులో ఇల్లు

తాటిచెట్లపాలెంలో ఉన్నా లాసన్స్ బే కాలనీలో ఉన్నా రోజూ రైడ్ గేటు దగ్గరే మొదలవుతుంది, గేటు దగ్గరే ఆగుతుంది. రైడ్లను రికార్డు చేసి అందరితో పంచుకునే యాప్ స్ట్రావా. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళ అకౌంట్లలో సెట్టింగ్ మనం మార్చకపోతే అందులో ఆ రైడ్ అందరికీ కనిపిస్తుంది. దాని కిందే సైకిల్ మోడల్ పేరు కూడా రాసి ఉంటుంది, ముచ్చటపడి మనం నింపినదే. ఇలా దాచిన సంగతులు బయటపడటం కొత్త కాదు. 2018 జనవరిలో స్ట్రావా హీట్‌మ్యాప్‌లో, అంటే అందరి దారులనూ కలిపి చూపే మ్యాపులో, పరుగులు, రైడ్ల గీతలను బట్టి కొన్ని దేశాల సైనిక స్థావరాల ఆనవాళ్ళు దొరికాయని ప్రపంచమంతా గోల అయింది. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు మనది. ఆ గోల మన రైడర్లకు వేరేగా గుర్తుచేయనక్కర్లేదు.

ఇక్కడ దారులు నాలుగు. రైడ్ మొత్తం 'నాకు మాత్రమే' అని పెట్టడం, 'ఫాలోవర్లకు మాత్రమే' అని పెట్టడం, మ్యాప్‌ని పూర్తిగా దాచడం, మొదలు-చివర మాత్రమే దాచడం. మొదటిది పెట్టాక ఇక క్లబ్ చాలెంజ్ ఏముంది, సరదా ఏముంది? చాలామందికి సరిపోయేది రెండో, నాలుగో కలిపి వాడటం. ఫాలోవర్లను ఆమోదించాకే చేర్చుకునేలా పెట్టి, ఇంటి చుట్టూ కొంత దూరం గీత కనిపించకుండా చేయడం.

అయితే ఆ 'కొంత దూరం' దగ్గరే అసలు మెలిక. యాప్‌లో 200 మీటర్ల నుంచి 1.6 కిలోమీటర్ల దాకా ఎంచుకోవచ్చు. చాలామంది 200 పెట్టి నిశ్చింతగా ఉంటారు. ఒకసారి కాగితం మీద గీసి చూడండి. ఈ రోజు బీచ్ వైపు వెళ్ళారు, రేపు హనుమంతవాక వైపు, ఎల్లుండి సిరిపురం వైపు. మూడు గీతలూ ఇంటి నుంచి దాదాపు ఒకే దూరంలో మొదలవుతాయి. ఆ మూడు చుక్కల మీదుగా ఒక వృత్తం గీస్తే దాని కేంద్రం ఎక్కడ పడుతుంది? మీ వీధిలోనే. దాచిన వృత్తాన్ని ఇలా వెనక్కి లెక్కగట్టొచ్చని పరిశోధకులు 2018లోనే చూపించారు. కాబట్టి దూరం కనీసం 800 మీటర్లు పెట్టండి. అంతకంటే మంచిది, దాచాల్సిన అడ్రస్‌గా మీ ఇంటిని కాకుండా రెండు వీధుల అవతల ఉన్న ఏదైనా జంక్షన్‌ని ఇవ్వండి. ఇల్లు వృత్తం లోపలే ఉంటుంది కానీ కేంద్రంలో ఉండదు. ఏ సెట్టింగూ అక్కర్లేని ఉపాయం ఇంకోటుంది. రికార్డింగ్ ఇంటి దగ్గర కాకుండా కురుసుర సబ్‌మెరైన్ దగ్గరకు వచ్చాక మొదలుపెట్టండి, తిరిగి వెళ్ళేటప్పుడు అక్కడే ఆపేయండి. రెండు మూడు కిలోమీటర్లు లెక్కలోకి రావు. ఆ బాధ పడలేనివాళ్ళని నేనెరుగుదును, వాళ్ళకి మళ్ళీ పై సెట్టింగే గతి.

సెట్టింగ్ ఈ రోజు మార్చినంత మాత్రాన గత మూడేళ్ళ రైడ్లు ఎవరికి కనిపిస్తాయన్నది దానంతటది మారదు. ప్రైవసీ విభాగంలో పాత యాక్టివిటీలను ఒకేసారి మార్చే వీలుంది. వెతికి అది కూడా చేయండి. సైకిల్ పేరు 'నల్లోడు', 'బుజ్జి' అని పెట్టుకుంటే సరిపోతుంది, కంపెనీ మోడల్ ఎందుకు.

ఫోటోల సంగతి క్లుప్తంగా. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో లొకేషన్ వివరాలు పోతాయి. క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం అవి ఫోటోతో పాటే వెళ్తాయి. అపార్ట్‌మెంట్ పేరున్న బోర్డు, సెల్లార్ పిల్లర్ మీద ఫ్లాట్ నంబరు కనిపించే ఫోటోకి ఆ వివరాలు కూడా అక్కర్లేదనుకోండి.

తాళాలు: దేనికి ఎంత

సైకిల్‌తో పాటు షాపువాడు ఫ్రీగా ఇచ్చే సన్నటి కేబుల్ తాళం చిన్న కట్టర్‌కి కొన్ని సెకన్ల పని. నంబర్ తాళమైనా, కీ తాళమైనా కేబుల్ కేబులే. అలాగని పారేయక్కర్లేదు. భీమిలి రోడ్డులో టిఫిన్‌కి ఆగినప్పుడు పదిమంది సైకిళ్ళ ఫ్రేముల గుండా ఒక పొడుగాటి కేబుల్ దూర్చి, కనిపించేచోట కూర్చుంటే చాలు. అది ఎవడూ గబుక్కున ఎక్కి పారిపోకుండా ఆపడానికి మాత్రమే. మధ్యాహ్నమంతా ద్వారకానగర్‌లో వదిలేసే సైకిల్‌కి అది పనికిరాదు.

యూ ఆకారంలో ఉండే గట్టి ఉక్కు తాళం, అంటే యూ-లాక్, నా మొదటి ఓటు. బరువు కిలో దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. సింహాచలం ఘాట్ ఎక్కేవాడెవడూ దాన్ని మోయడు. మోయక్కర్లేదు కూడా, ఆఫీసుకి సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు దాన్ని అక్కడి స్టాండుకే తగిలించి ఉంచేయొచ్చు. గొలుసు తాళం మందంగా ఉంటే యూ-లాక్‌తో సమానంగా నిలబడుతుంది, కానీ ఇంకా బరువు. ఇంటి దగ్గర కదలకుండా ఉంచడానికే బాగుంటుంది. మడతపెట్టే తాళాలు ఫ్రేముకి అందంగా అమరుతాయి, ధర ఎక్కువ, వాటి కీళ్ళు బలహీనం. ఆ డబ్బుకి యూ-లాక్ కొనడమే తెలివని నా అభిప్రాయం. గుండ్రటి గొట్టం లాంటి తాళంచెవి ఉన్న పాత రకం మాత్రం ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు. 2004లో అమెరికాలో అలాంటి పేరున్న తాళాలను ప్లాస్టిక్ బాల్‌పెన్ గొట్టంతో తెరిచి చూపించారు. అమ్మిన కంపెనీ వాటిని వెనక్కి తీసుకుని మార్చి ఇవ్వాల్సి వచ్చింది.

బ్యాటరీ గ్రైండర్ ముందు ఏ తాళమూ ఎక్కువసేపు ఆగదు. తాళం చేసే పని దొంగకి టైమూ చప్పుడూ పెంచడమే. దిగుమతి తాళాల అట్టపెట్టె మీద 'సోల్డ్ సెక్యూర్' అనే బ్రిటిష్ రేటింగ్ కనిపిస్తే బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అన్న వరుసలో గట్టిదనం పెరుగుతుందని గుర్తుపెట్టుకోండి. సైకిల్ ధరలో పదో వంతు తాళానికి పెట్టాలని రైడర్లలో ఒక లెక్క ఉంది. పదిహేను వేల సైకిల్‌కి అది సరైన లెక్కే. రెండు లక్షల సైకిల్‌కి ఇరవై వేల తాళం కొనే బదులు దాన్ని బయట వదలకపోవడం మంచిది.

ఎలా వేస్తారన్నది ఏది కొన్నారన్నదానికంటే ముఖ్యం. వెనక చక్రం, ఫ్రేము, కదలని కమ్మి, మూడూ తాళం లోపల పడాలి. ముందు చక్రానికి క్విక్ రిలీజ్, అంటే చేత్తోనే విప్పేసే మీట, ఉంటే కేబుల్‌తో దాన్ని కూడా కట్టేయండి, లేదా పానా లేకుండా విప్పలేని యాక్సిల్ వేయించండి. ఇక మన ఊరి సొంత సమస్య ఉప్పుగాలి. బీచ్ రోడ్డు పక్కన ఉండేవాళ్ళ తాళాలు ఆరు నెలల్లో బిగుసుకుపోతాయి. నెలకోసారి రెండు చుక్కల నూనె వేయకపోతే సైకిల్ దొంగ పట్టుకెళ్ళడు, మీరూ తీయలేరు.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి

సెల్లార్, బాల్కనీ, ఫ్లాట్ లోపల. ఇందులో పెద్ద చర్చ లేదు, లోపల పెట్టుకునే చోటుంటే లోపలే. వెనక చక్రం మీద నిలబెడితే చాలా లిఫ్టుల్లో సైకిల్ పడుతుంది. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవడం వేరే సంగతి. బాల్కనీ సముద్రం వైపుంటే దొంగ కంటే తుప్పు ముందొస్తుంది, కవర్ తప్పనిసరి.

సెల్లారే గతి అయితే ఒక పని చేయించండి. అక్కడి పిల్లర్లు లావు, తాళం చుట్టూ తిరగదు. సన్న రెయిలింగుకు కడితే రెయిలింగే విరుగుతుంది. గాజువాక వైపో, మీ దగ్గర్లోనో ఏదైనా వెల్డింగ్ షాపులో మందపాటి కమ్మితో రింగు చేయించి, దానికి ప్లేటు అతికించి, గోడకో నేలకో పెద్ద యాంకర్ బోల్టులతో బిగించి, బోల్టు తలల మీద కూడా వెల్డింగ్ పెట్టించండి. ఖర్చు మామూలు యూ-లాక్ కంటే ఎక్కువ కాదు. అసోసియేషన్‌ని ముందే అడగాలి. వాచ్‌మన్ గారికి సైకిళ్ళు ఎవరెవరివో చూపించి, "మేం పంపాం" అని ఎవరైనా వస్తే ఫోన్ చేయకుండా ఇవ్వొద్దని చెప్పాలి. సర్వీసింగ్‌కి తీసుకెళ్తున్నామని చెప్పి తోసుకుపోయేవాణ్ణి గ్రైండర్ తెచ్చినవాడి కంటే ఆపడం కష్టం.

ట్రాకర్ పెట్టాలా

పోయాక వెతకడానికి పనికొస్తుంది, పోకుండా ఆపదు. యాపిల్ కంపెనీ చిన్న ట్రాకర్ బిళ్ళ ఎయిర్‌ట్యాగ్ లాంటివాటిలో జీపీఎస్ ఉండదు. చుట్టుపక్కల వెళ్ళే ఐఫోన్లు దాని బ్లూటూత్ సిగ్నల్ పట్టుకుని చోటు చెబుతాయి. బిళ్ళ బ్యాటరీ దాదాపు ఏడాది వస్తుంది. జగదాంబ జంక్షన్‌లో ఉంటే దాని ఆచూకీ బాగా దొరుకుతుంది, ఎర్రమట్టి దిబ్బల అవతల ఊళ్ళలోకి వెళ్తే ఐఫోన్ వచ్చేదాకా మూగబోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల సాయంతో పనిచేసే ట్యాగులు 2024 నుంచి వస్తున్నాయి. ఆండ్రాయిడ్ వాడేవాళ్ళే ఎక్కువున్న మన జిల్లాలో మీ ఫోను కూడా అదే అయితే వాటివైపే వెళ్ళండి. ఒక చిక్కు, తెలియని ట్యాగు వెంట వస్తోందని దొంగ ఫోనుకే హెచ్చరిక పోవచ్చు. సిమ్ వేసే జీపీఎస్ ట్రాకర్‌కి ఆ ఇబ్బంది లేదు, కాకపోతే రీఛార్జీ కట్టాలి, తరచూ చార్జింగ్ పెట్టాలి. ఈ రెండూ నెల తర్వాత ఎవరూ చేయరు. ఆఫీసు సైకిల్‌కి ట్యాగు చాలు. దాన్ని బాటిల్ కేజ్ కిందో సీటు అడుగునో దాచండి, అల్యూమినియం గొట్టం లోపల పెడితే సిగ్నల్ బయటికి రాదు. క్లబ్బులో మాత్రం ఎక్కడ పెట్టారో గొప్పగా చెప్పుకోకండి.

కాగితాలు, పోయాక

మోటార్ సైకిల్‌కి ఉన్నట్టు మన సైకిల్‌కి ఆర్‌సీ లేదు. అది మీదే అని చెప్పే సాక్ష్యాలు బిల్లు, పెడల్స్ మధ్య ఫ్రేము అడుగున చెక్కి ఉండే ఫ్రేమ్ నంబరు, మీ ఫోటోలు. సైకిల్‌ని తలకిందులు చేసి ఆ నంబరును ఈ రోజే ఫోటో తీయండి. బిల్లు ఇంకో కారణానికి కూడా కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303 సెక్షన్ ప్రకారం, 5,000 రూపాయల లోపు సొత్తు దొంగతనంలో మొదటిసారి దొరికినవాడు దాన్ని తిరిగిస్తే శిక్ష సమాజ సేవే. అలాంటి కేసులో పోలీసులకు సొంతంగా దర్యాప్తు మొదలుపెట్టే అధికారం కూడా ఉండదు. "పాత సైకిలేగా" అని విలువ తక్కువ రాయించుకుంటే కేసు అక్కడే నీరుగారుతుంది. ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్‌గా ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. ఇన్సూరెన్స్ ఉంటే మొదట అడిగేది దాన్నే.

గ్రూపులో పెట్టే విషయానికి వస్తే, పోయిన సైకిల్ ఫోటో, రంగు, పోయిన చోటు, టైము పెట్టండి. ఫ్రేమ్ నంబరు చివరి మూడు అంకెలు, ఎవరికీ తెలియని ఒక గీత లేదా స్టిక్కర్ గుర్తు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. సీసీ కెమెరాలో కనిపించిన మనిషి ముఖానికి 'దొంగ' అని రాసి ఊరంతా తిప్పొద్దు. అతను కాకపోతే కేసు మీ మీదకే వస్తుంది, అతనే అయితే సైకిల్ తెల్లారేసరికి ఊరు దాటుతుంది. ఆ క్లిప్ స్టేషన్‌కి ఇవ్వండి. ఓఎల్‌ఎక్స్‌లో మీ సైకిల్ కనిపిస్తే కొనేవాడిలా మెసేజ్ పెట్టి, స్క్రీన్‌షాట్లు దాచి, పోలీసులతో కలిసే వెళ్ళండి. కుర్రాళ్ళు నలుగురు పోయి పట్టుకొద్దామనే ఉత్సాహం అడ్మిన్లు మొదట్లోనే తుంచేయాలి.

పోస్టు పెట్టిన గంటలో "మీ సైకిల్ మా దగ్గరుంది, దారి ఖర్చులకి వెయ్యి ఫోన్‌పే చేయండి" అని ఫోన్ రావచ్చు. ఫ్రేమ్ నంబరు చివరి మూడు అంకెలు చదవమనండి. చదవలేక కోపం తెచ్చుకుంటే ఆ నంబరు స్టేషన్‌కి ఇచ్చేయండి. ఇంట్లో ఎవరైనా కంగారులో అప్పటికే డబ్బు పంపేసి ఉంటే, గ్రూపులో చెప్పడం తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.